పదకొండు మంది దాటిన గడప

మా ఆయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే చాలా ఏళ్ళపాటు "బిజినెస్" అని ఊరుకునేదాన్ని. నిజం చెప్తే ఎదుటివాళ్ళ మొహంలో జాలి కనపడేది. ఆ జాలి నాకు గిట్టదు. గద్వాలలో కోట దగ్గర నుంచి బస్టాండుకు పోయే దారిలో ఒక షట్టరు, దాని మీద "యాంటిక్స్" అని పసుపు రంగుతో రాయించిన బోర్డు, లోపల ఎవరి ఇంట్లోనూ అక్కర్లేని సామాను. ఊరంతా దాన్ని పాత సామాన్ల దుకాణం అనేది. కొందరు పాత పేపర్లు, ఖాళీ సీసాలు తెచ్చి కిలో ఎంతకు తీసుకుంటారని అడిగేవాళ్ళు. మా ఆయన వాళ్ళ మీద ఇంతెత్తున లేచేవాడు. ఆయన టీకి పోయినప్పుడు నేను ఆ పేపర్లు కొనేదాన్ని, ఎందుకంటే ఆ దుకాణంలో ఖాయంగా అమ్ముడుపోయే సరుకు అదొక్కటే.

ఆయన మొదట్లో లూనా మీద స్టీలు గిన్నెలు కట్టుకొని గట్టు, ఇటిక్యాల దిక్కు ఊళ్ళు తిరిగేవాడు. పాత ఇత్తడి ఇస్తే కొత్త స్టీలు ఇచ్చేవాడు. ఆడవాళ్ళకు ఇత్తడి తోమీ తోమీ విసుగొచ్చిన రోజులవి. తళతళలాడే స్టీలు బకెట్టు చూపిస్తే అత్తగారి కాలపు గంగాళాన్ని సంతోషంగా దొర్లించి ఇచ్చేవాళ్ళు. ఆ ఇత్తడిని ఆయన కరిగించేవాళ్ళకు అమ్మేవాడు. ఒకసారి హైదరాబాదు నుంచి కారులో పోతున్న ఒకాయన మా ఇంటి ముందు గంగాళం చూసి ఆగాడు. హోటల్లో తామర పూలు పెంచుకోవడానికి కావాలని, కరిగించేవాడు ఇచ్చేదానికి నాలుగింతలు ఇచ్చి పట్టుకుపోయాడు. ఆ రోజు సాయంత్రం మా ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. ఇన్నేళ్ళూ ఎన్ని గంగాళాలు కరిగించానోనని లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాడు. నెల తిరక్కుండానే షట్టరు అద్దెకు తీసుకున్నాడు.

దుకాణం పెట్టాక ఆయనకు చరిత్ర పట్టుకుంది. చదివింది తొమ్మిదో తరగతి, అదీ సగమే. అయినా ఏ వస్తువు పట్టుకొని అడిగినా "సంస్థానం కాలందండి" అనేవాడు. కందిలి లాంతరు సంస్థానం కాలంది, రేడియో సంస్థానం కాలంది. ఒకసారి నా చిన్నప్పటి పలక కూడా సంస్థానం కాలం నాటిదైపోయింది. గద్వాల సామాను అయితే వనపర్తి సంస్థానమనీ, వనపర్తి సామాను అయితే గద్వాల సంస్థానమనీ చెప్పేవాడు. కొనేవాడు ఎటునుంచి వచ్చాడో చూసుకొని, అతను పోయి ఆరా తీయలేని వైపు చూపించేవాడు. దుకాణంలో ఉన్నంతసేపు ఆయనకు "తెల్వదు" అనే మాట నోటికి రాదు. ఇంట్లో మాత్రం ఉప్పు డబ్బా ఎక్కడుందన్నా తెల్వదు, కొడుకు ఏ తరగతన్నా తెల్వదు.

సరుకు తక్కువైతే ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కొత్త ఇత్తడి చెంబులు తెచ్చి మా బర్రెల పెంటకుప్పలో పూడ్చిపెట్టేవాడు. మూడు నెలల తర్వాత తవ్వి తీస్తే అవి నల్లగా, పచ్చగా కిలుము పట్టి, చూడ్డానికి నూరేళ్ళవిగా ఉండేవి. ఆ పెంటకుప్ప మీద ఆయనకున్న శ్రద్ధ నా మీద ఉంటే మా సంసారం ఇంకో తీరుగా ఉండేది. ఒక ఉగాదికి దుకాణంలో అంత మురికి ఎందుకని, నేను చింతపండు, బూడిద పెట్టి రెండు రోజులు కూర్చొని చెంబులన్నీ తోమేశాను. తళతళా మెరిసిపోయాయి. ఆయన వచ్చి చూసి గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చున్నాడు. "నూరేండ్లు తోమేసినవ్ గదనే" అన్నాడు. ఆ ఉగాదికి మా ఇంట్లో పచ్చడిలో చేదు నేను వేరే వేయలేదు.

ఇంతవరకు నవ్వుతూనే చెప్తున్నాను గానీ నాకొక కోపం ఉంది. అది చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. మాది నాగర్‌కర్నూలు. పెళ్ళికి మా అమ్మ నాకు పెద్ద ఇత్తడి బిందె పెట్టింది. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టించింది. మా బాబు పుట్టినప్పుడు కాన్పుకు పుట్టింటికి పోయి, అయిదో నెలలో తిరిగి వచ్చి చూస్తే బిందె లేదు. హైదరాబాదులో ఎవరో తలుపు దగ్గర గొడుగులు నిలబెట్టుకోవడానికి కొనుక్కుపోయారట. "పేరుంటే రేటెక్కువిచ్చిండు" అని ఈయన నాకు సంతోషంగా చెప్పాడు. నా పేరులో ఎవరో తడిసిన గొడుగులు పెట్టుకుంటున్నారు. ఆ సంగతి నేను ఆయన్ను మర్చిపోనివ్వలేదు. ఇప్పటికీ మర్చిపోనివ్వను.

ఇక దర్వాజ సంగతి. ఇటిక్యాల దగ్గర ఒక పల్లెలో ఒక రైతు పాత మట్టిమిద్దె కూల్చి స్లాబు వేసుకుంటున్నాడని తెలిసి మా ఆయన పరుగెత్తాడు. ఆ ఇంటి సింహద్వారం టేకుతో చేసింది, మనిషి చెయ్యి పట్టనంత మందం. పై కమ్మీ మీద చిలుకలు, తామరలు చెక్కి ఉన్నాయి. కింద గడప మధ్యలో అరిగి గుంట పడి ఉంది. నాలుగు వైపులా చెక్కతో నిండుగా ఉన్న దర్వాజ. ఇప్పటి ఇళ్ళకు మూడు కట్టెల దర్వాజే పెడుతున్నారు, కింద గడప ఉంటే బండి లోపలికి ఎక్కదని. ఆ రైతు తొందరపడుతూ అమ్మాడు. "మా అమ్మ, బిడ్డ ఇంటికి పోయింది, వచ్చేలోపల పట్టుకపోండి, ఆమె ఉంటే పీకనియ్యదు" అన్నాడట. ఆ మాట మా ఆయన నాకు అప్పుడు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ సాయంత్రమే తెలిసేది మాకేం రాబోతుందో.

దర్వాజను దుకాణంలో వెనక గోడకు నిలబెట్టాం. దుకాణం కళ మారిపోయింది. మా ఆయన దాని ముందు కుర్చీ వేసుకొని కూర్చొని, తానే అందులోంచి నడిచొచ్చిన దొరలాగా వచ్చేపోయేవాళ్ళను చూసేవాడు. జీవితంలో ఆయన చేతికొచ్చిన ఒకే ఒక్క నిజమైన పాత వస్తువు అది. ఇది మంచి చోటికి పోతే హైదరాబాదులో నలుగురికి నా పేరు తెలుస్తుంది, ఇక నన్నెవరూ పాత సామాన్లోడు అనరు అనేవాడు. మా అన్న వచ్చినప్పుడల్లా పనిగట్టుకొని పాత పేపర్లు తెచ్చి ఈయనను ఏడిపించేవాడు. అందుకని ఆ మాటలో ఎంత ఉందో నాకు తెలుసు.

పది రోజులకు, ఒక శుక్రవారం పొద్దున, తెల్లచీర కట్టుకున్న ఒక ముసలామె బస్సు దిగి నేరుగా దుకాణంలోకి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది, నా దగ్గర ఉన్న చెంబులో నీళ్ళు తీసుకుంది, దర్వాజ ముందు కూర్చొని గడప కడిగి పసుపు రాయడం మొదలుపెట్టింది. మా ఆయన నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఎవరవ్వా నువ్వు?" అన్నాను.

"ఈ గడపదాన్ని," అంది, చెయ్యి ఆపకుండా. "ఓ కొడకా, మనిషి ఊర్ల లేనప్పుడు వచ్చి ఇంటి గడప పీక్కపోతవా? కోళ్ళు పట్టెటోడు గూడ అడిగి పడతడు."

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "మీ కొడుకే అమ్మిండవ్వా."

"వాడు పిరికోడు. నా ముందర అమ్మమను చూద్దాం."

పక్క దుకాణం ఆమె తొంగిచూసి, మొగుడు పోయినామె గడపకు పసుపు రాస్తుందేమిటని నా చెవిలో అంది. ముసలామె చెవులు గట్టివే. "మొగడు నాకు పోయిండు. గడపకు పోలేదు" అంది. ఆ మాటతో నాకు ఆమె నచ్చేసింది. టీ తెప్పించాను.

అది మొదలు ఆమె ప్రతి శుక్రవారం వచ్చేది. మొదట్లో మా ఆయన సంతోషపడ్డాడు. పసుపు, బొట్లతో దర్వాజ ఇంకా బాగా కనపడుతోందని, హైదరాబాదువాళ్ళకు ఇట్లాంటిది కావాలని అన్నాడు. ఆ సంతోషం రెండు వారాలే. మూడో శుక్రవారం కారులో ఒక జంట వచ్చింది. దర్వాజ చూసి ఆగిపోయారు. మా ఆయన సంస్థానం మొదలుపెట్టాడు. కింద కూర్చున్న అవ్వ తలెత్తి, "అమ్మా, కొంటవా దీన్ని?" అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వి అవునంది.

"మంచిదే కొను. నేను కాపురానికి వచ్చినంక దీన్ని దాటి పదకొండు మంది పోయిండ్రు. మా అత్తకు అత్త, మా మామ, మా అత్త, మా బావ, మా యారాలు, నాకు పుట్టిన ఇద్దరు పసిగుడ్లు, మా మరిది, తిరిగొచ్చిన మా ఆడిబిడ్డ, నా పెద్దకొడుకు, నా మొగడు. అందరినీ ఈ గడప మీంచే మోసిండ్రు. పన్నెండోది నేను. నేను దాటినంక కొనుక్కపో, గప్పుడు ఎవ్వరూ ఏమనరు."

ఆ జంట కారు ఎక్కి పోయింది. ఆ తర్వాతి వారం ఇంకొకరు, ఆ పైవారం ఇంకొకరు. అవ్వ ఎవరినీ తిట్టదు, ఎవరినీ ఆపదు. పేర్లు చెప్పకుండా వరసలు చెప్పి, వేళ్ళు మడిచి పదకొండు లెక్కబెడుతుంది, పన్నెండు అని వేలు తన గుండెల మీద పెట్టుకుంటుంది. మా ఆయన పరేషానయ్యాడు. శుక్రవారం దుకాణం మూద్దామన్నాడు. ఆమె శనివారం వచ్చింది. నిన్న మూసినవేంది, ఒంట్లో బాగలేదా అని ఆయన్నే పరామర్శించింది.

నవ్వొచ్చేది నాకు. కానీ ఆమెకు కావాల్సిందేమిటో ఒకరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పింది. "పదమూడేండ్లకు శేరు బియ్యం తన్ని ఈ గడప దాటి లోపలికి వచ్చిన బిడ్డా. దీని మీంచే బయటికి పోవాలె. గంతే. నాకు దీని పైసలొద్దు, దీన్ని తిరిగి ఇంట్ల పెట్టమని గూడ అంటలేను." కొడుకు ఇంటికి గ్రానైటు బండలు పరిచాడట, వాటిని పగలగొట్టనివ్వడు. ఆమె అడుగుతున్నది ఒక్కసారి దాటడానికి, అదీ కాళ్ళతో కాదు. ఆమెకు ఇంకో టీ తెప్పించాను.

ఆ నెలలోనే హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. ఇళ్ళకు లోపల అలంకరణ చేసే ఆమె. బుధవారం వచ్చింది కాబట్టి అవ్వ లేదు. దర్వాజను ఇటు తట్టి అటు తట్టి, నాలుగు కట్టెల మధ్య అద్దం బిగించి ఒక పెద్దింట్లో స్నానాలగది గోడకు పెడతానంది. మా ఆయన కళ్ళు మెరిశాయి. ఆమె ఫోటోలు తీసుకుంది, ఆయన పేరు రాసుకుంది, పుస్తకాల్లో వేస్తారని చెప్పింది. ఆదివారం బండి పంపుతానని వెళ్ళింది. ఆయన నా వైపు తిరిగి, "చూసినవా, ఇగ మీ అన్న ఏమంటడో చూస్త" అన్నాడు.

"స్నానాలగదిలనా?" అన్నాను.

"ఏడైతే ఏంది?"

నాకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. ఎక్కడినుంచో కాదులెండి, బాగా తెలుసు. "నేను ఊర్ల లేనప్పుడు నా బిందె అమ్మినవ్. ఆమె ఊర్ల లేనప్పుడు ఆమె గడప తెచ్చినవ్. నీ బతుకంతా ఆడోళ్ళు ఊర్ల లేనప్పుడే నడుస్తదా? నా బిందెల గొడుగులు పెట్టిండ్రు, పోనీ అనుకున్న. ఆమె పదకొండు మందిని స్నానాలగదిల తడుపుతవా?" రెండు రోజులు మా ఇంట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడుకున్నాయి.

శుక్రవారం అవ్వ వచ్చి గడపకు పసుపు రాసి పోయింది. ఆమెకు ఏమీ చెప్పలేకపోయాం. మా ఆయన ఆమె ముందు నిలబడి ఏదో అనబోయి, బస్సుకు టైమవుతుందవ్వా అన్నాడు. శనివారం పొద్దున నేను పోయేసరికి దుకాణం తెరిచి ఉంది. ఆయన దర్వాజను పడుకోబెట్టి, పక్క కమ్మీలను గడప నుంచి విడదీస్తున్నాడు. ఉలితో కోయకుండా, కొట్టకుండా, పాత చెక్క మేకులను ఒక్కొక్కటే చేత్తో ఊపి తీస్తున్నాడు. మొహమంతా చెమట. ఆ రోజు ఆయన నాకు చాలా బాగా కనపడ్డాడు, ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఆదివారం మేడం పంపిన బండితోపాటు మేడం కూడా వచ్చింది. కింద కట్టె ఏదని అడిగింది. "సంస్థానం కాలంల రాణివాసం దర్వాజలకు గడప ఉండకపోయేది మేడం, రాణుల కాళ్ళకు తగులుతదని" అన్నాడు మా ఆయన, రెప్ప వేయకుండా. ఆమె ఆ ముక్క కూడా రాసుకుంది. కింద కొత్త కట్టె వేయించుకుంటానని రేటు కొంచెం తగ్గించి పట్టుకుపోయింది. ఆ అబద్ధానికి మాత్రం నేను ఆయన్ను ఎప్పుడూ తప్పుపట్టలేదు.

గడపను మా షట్టరు కిందే వేశాం. షట్టరు పూర్తిగా దిగేది కాదు, జానెడు సందు ఉండేది. కుక్కపిల్లలు లోపలికి దూరి గ్రామఫోను కింద పడుకునేవి. అవ్వ వచ్చి చూసి, గడప ముందు కూర్చుంది. పసుపు రాసి, దాటి లోపలికి వచ్చి, "ఇది దుకాణం గాదు కొడకా, ఇల్లు చేసినవ్" అంది. మా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. పాత సామానులో దొరికిన, పవరు లేని కళ్ళజోడది.

రెండేళ్ళు వచ్చింది. ఒక శుక్రవారం రాలేదు. మధ్యాహ్నం ఆమె కొడుకు ఫోను చేశాడు. తెల్లారుజామున పోయిందట. ఫోను పెట్టేసి మా ఆయన ఒక్క నిమిషం కూర్చోలేదు. గడ్డపార తెచ్చాడు. ఇద్దరం కలిసి గడప పెకిలించి, ట్రాలీ ఆటోలో వేసుకొని పోయాం. షట్టరు తెరిచే వదిలేశాం. ఆ సరుకు ఎవడు ఎత్తుకుపోతాడు లెండి.

అక్కడ పెద్దలు గొణిగారు. చచ్చిన ఇంటికి బయటి నుంచి గడప తెస్తారా, ఎక్కడి పద్ధతి అన్నారు. కొడుకు మమ్మల్ని చూశాడు, గడపను చూశాడు. లోపలికి పోయి ఒక గోనెసంచి తెచ్చి ద్వారం దగ్గర గ్రానైటు మీద పరిచాడు, గీతలు పడకుండా. ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. అప్పుడు చూశాను, ఆ కొడుకు భుజాలు ఏడుపుకు కదులుతున్నాయి. సంచి మీద గడప పెట్టాం. నేను నా కొంగుముడి విప్పి, వచ్చేదారిలో కొన్న పసుపు రాశాను. ఆమెను మోసుకొస్తుంటే గడప అలవాటు తప్పిన కాళ్ళు, ముందున్న పిల్లగాడు తట్టుకున్నాడు. "జర కాలెత్తుండ్రి" అని మా ఆయన గట్టిగా అన్నాడు. అందరూ కాలెత్తారు. ఆమె దాటింది. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

గడపను అక్కడే వదిలేస్తామంటే కొడుకు వద్దన్నాడు. "శుక్రం శుక్రం నేను రాయలేను, మీ దగ్గర్నే ఉండనీ అక్కా" అన్నాడు. తిరిగి తెచ్చాం. కడిగి షట్టరు కింద వేశాం. అప్పటినుంచి శుక్రవారం పసుపు నా వంతు. పట్టింపులు లేనిదాన్నని నన్ను నేను మెచ్చుకుంటూ బతికినదాన్ని, ఇప్పుడు పొద్దున్నే చెంబు పట్టుకొని కూర్చుంటాను, గొణుక్కుంటూ.

మొన్నొకాయన కారు దిగి లోపలికి వస్తూ గడప చూసి ఆగాడు. పాతది, అరిగింది, పసుపు పచ్చగా ఉంది. ఎంత కాలం నాటిదని అడిగాడు. నేను సంస్థానం కోసం ఎదురుచూస్తూ లోపల చెంబులు సర్దుతున్నాను.

"తెల్వదు సార్," అన్నాడు మా ఆయన. "పన్నెండు మంది దాటిండ్రు. మీరు గూడ జర కాలెత్తి రాండ్రి."